ఉప్పుకొండకు సాక్షి: రెడ్లికియా

మన ఇండ్లలోని పెద్దవారికి సైంధవ లవణమును గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. అజీర్ణము చేసిననాడు అల్లపు ముక్కతో నంజుకొనుటకు, ఉపవాసపు దినములలో ఫలాహారమున కలుపుకొనుటకు, వైద్యుడు చెప్పిన చూర్ణములో చేర్చుటకు ఒక చిన్న పలుకు ఎక్కడనో ఒక డబ్బాలో దాగియుండును. మన తీరపు మడులలో పండించిన ఉప్పు తెల్లనిది. ఇది లేత గులాబి రంగు గలది, రాయివలె గట్టిది. సింధుదేశమునుండి వచ్చినది గనుక సైంధవమను పేరు పొందినది. దాని పుట్టినిల్లు నేటి పాకిస్తానములోని పంజాబు రాష్ట్రములో, జీలం, సింధు నదుల నడుమ సాగిన లవణ పర్వతశ్రేణి. ఆ శ్రేణియందు ఖేవ్రా అను ఊరి దాపున కొండ గర్భమును తొలిచి, గదులు గదులుగా ఉప్పును కోసి తీయుచున్నారు. కొండ కూలిపోకుండ సగము ఉప్పును స్తంభములుగా నిలిపి, సగమే తీయుట అక్కడి పద్ధతి.

ఈ ఉప్పు వయస్సు ఎంత? వినుటకు ఇది చిన్న ప్రశ్న. కాని భారతమున సైంధవుడు పాండవులకు అడ్డుపడినట్లు, ఈ సైంధవము రెండు మూడు తరముల భూగర్భ శాస్త్రజ్ఞులకు అడ్డుపడి నిలిచినది. ఆ వివాదములో సాక్షిగా నిలువవలసి వచ్చినది ఒక చిన్న సముద్రజీవి. దాని పేరు రెడ్లికియా. అది లోకమునుండి అంతరించి 50 కోట్ల ఏండ్లు దాటినవి. నేటి ప్రసంగములో ఆ జీవి కథను, ఆ వ్యాజ్యెపు కథను కలిపి చెప్పుకొందము.

రెడ్లికియా ట్రైలోబైటుల కుటుంబమునకు చెందినది. నిలువునా మూడు పాయలుగా చీలిన శరీరము గలవి గనుక వీనికి ఆ పేరు వచ్చినది: నడుమ ఉబ్బెత్తుగా వెన్నుపాయ ఒకటి, దాని ఇరుప్రక్కల చదునైన పాయలు రెండు. పీతలకు, రొయ్యలకు, తేళ్లకు ఇవి దూరపు బంధువులు. పైన గట్టి పెంకు, దాని మాటున అతుకుల కాళ్లు. ఇవి సుమారు 52 కోట్ల ఏండ్ల క్రిందట సముద్రములలో మొదటిసారిగా కనిపించి, 25 కోట్ల ఏండ్ల క్రిందట పూర్తిగా నశించినవి. అనగా, మన కడుపున పుట్టిన బిడ్డలు బొమ్మలలో చూచి సంబరపడు రాక్షసిబల్లులు పుట్టకముందే వీని కథ ముగిసినది. ఇంతవరకు 20,000లకు పైబడిన ట్రైలోబైటు జాతులకు శాస్త్రజ్ఞులు పేర్లు పెట్టినారు.

ఆ వంశములో రెడ్లికియా తొలితరము వారిలోనిది. అర్ధచంద్రాకారమైన తలపెంకు, దాని నడుమ ముందునకు సన్నగిల్లుచు పోవు ఒక దిమ్మె, ఆ దిమ్మెకు ఇరువైపుల నెలవంకలవలె వంగిన పెద్ద కన్నులు. చెక్కిళ్ల కొనలనుండి వెనుకకు సాగిన రెండు ముండ్లు. తల వెనుక పదికి మించిన కణుపులు గల నడుము. చివర తోకపెంకు మాత్రము మిక్కిలి చిన్నది. కణుపులన్నియు పెట్టి పెట్టి చివరకు సరకు చాలక సరిపెట్టినట్లుండును. ఇట్లు నడుమున కణుపులెక్కువగాను తోక చిన్నదిగాను ఉండుట తొలి ట్రైలోబైటులలో తరచుగా కనిపించు లక్షణము. తరువాతి కాలపు జాతులలో అనేకమునకు తలయంత తోక ఏర్పడినది.

ఇచ్చట ఒక ముచ్చట చెప్పవలెను. రాళ్లలో దొరకు ట్రైలోబైటు శిలాజములు చాలవరకు చచ్చిన జీవుల కళేబరములు కావు. పాము కుబుసము విడిచినట్లు ఇవి పెరుగుచున్నకొలది పెంకును విడిచెడివి. ఒక్కొక్క జీవి తన జీవితకాలములో అనేక పర్యాయములు పెంకు మార్చును గదా. అందుచేత ఒకే ప్రాణి పెక్కు శిలాజములకు కారణము కావచ్చును. విడిచిన పెంకు చెక్కిలి ఒకచోట, తల ఒకచోట, కణుపులు ఒకచోట చెదరిపోవును. భూగర్భ శాస్త్రజ్ఞునకు లభించునది సామాన్యముగా ఈ తునకలే. నిండు శరీరము దొరకిననాడు వారింట పండుగ.

ఇక ఈ జీవి మన ఉపఖండములో బయటపడిన వృత్తాంతము. 19వ శతాబ్దపు ఉత్తరార్ధములో ఖేవ్రా గనుల అధికారిగా వార్త్ అను ఆయన ఉండెడివాడు. నేటికిని అక్కడ వాడుకలోనున్న ముఖ్య సొరంగమునకు 1872లో పథకము వేసినవాడు ఆయనయే. ఉప్పు లెక్కలు చూచుకొని ఊరకుండక, కొండమీద తిరిగి శిలాజములను ఏరి పండితులకు అందజేసినాడు. ఆయన ఏరిన వానిలో ఒక చిన్న చిప్పజీవికి నియోబోలస్ వార్తి అని పేరు నిలిచినది. ఆ చిప్పలు దొరకు మట్టిరాతి పొరలకు నియోబోలస్ పొరలని పేరు వచ్చినది. తరువాత భారత భూగర్భ పరిశోధనాశాఖలో పనిచేసిన జర్మను పండితుడు ఫ్రిట్జ్ నోట్లింగ్ ఆ కొండల తూర్పు భాగమును పొర పొరగా పరిశీలించి, 1894లో తన వ్యాసమును ప్రకటించినాడు. అచ్చటి ట్రైలోబైటులు పరీక్షకై కార్ల్ రెడ్లిక్ అను ఆస్ట్రియా పండితుని చేతికి చేరినవి.

రెడ్లిక్ 1899లో వానిని వర్ణించుచు, ఒక క్రొత్త జీవికి హోఫెరియా నోట్లింగి అని నామకరణము చేసినాడు. రెండవ మాట నోట్లింగ్ గౌరవార్థము పెట్టినది. కాని మొదటి మాట నిలువలేదు. హోఫెరియా అను పేరు అంతకు ముందే మరొక ప్రాణికి పెట్టియున్నారు. ఒక పేరు రెండు ప్రాణులకు చెల్లదని జంతుశాస్త్రపు కట్టుబాటు. అందుచేత 1902లో కోస్మాన్ అను ఫ్రెంచి పండితుడు దానిని తొలగించి, రెడ్లిక్ పేరుననే రెడ్లికియా అని పిలిచినాడు. ఇతరులను గౌరవింపబోయిన పండితునకు ఆ గౌరవము తిరిగి తనకే దక్కినది. ఉప్పుకొండలో దొరకిన ఆ రెడ్లికియా నోట్లింగి తరువాత ప్రపంచమంతట దొరకిన రెడ్లికియాలకు తలమానికమైన జాతిగా నిలిచినది.

ఇప్పుడు ఖేవ్రా కొండను అడుగునుండి పైకి చూడవలెను. అన్నిటికి అడుగున ఉప్పు, జిప్సము, ఎర్రని సుద్దమన్ను కలిసిన పెద్ద సముదాయము. దానిపై ఊదారంగు ఇసుకరాయి. దానిపై నియోబోలస్ పొరలు, ఆపై మెగ్నీషియా కలిసిన లేతరంగు రాయి. ఈ పై రెండు సముదాయములలోనే రెడ్లికియాయును దాని చుట్టపు జీవులును దొరకుచున్నవి. రెడ్లికియా బ్రతికినది కేంబ్రియన్ యుగమున, సుమారు 51 కోట్ల ఏండ్ల క్రిందట. అది లోకమున బహుప్రదేశములలో వ్యాపించినది గాని బహుకాలము బ్రతుకలేదు. అట్టి జీవి శిలాజమునకు సాక్ష్యబలము మెండు. ఎచ్చట దొరకిన అచ్చటి పొర కాలమును చెప్పగలదు.

వడ్లబస్తాలు దొంతిగా పేర్చినప్పుడు అడుగు బస్తా ముందు పెట్టినదని పసివాడును చెప్పును. రాతి పొరలకును అదే న్యాయము. రెడ్లికియా పొరలు 51 కోట్ల ఏండ్లవైనచో, వాని అడుగుననున్న ఉప్పు అంతకన్న పాతది కావలెను. 19వ శతాబ్దమున ఆ కొండలను మొదట సర్వే చేసినవారు ఇట్లే తలచినారు. ఇంతటితో వ్యాజ్యెము తీరిపోవలసినది.

తీరలేదు. సింధునది కావల కోహాట్ జిల్లాలో మరొక ఉప్పు ఉన్నది. అది ఇయోసీన్ కాలపుదని, అనగా సుమారు 5 కోట్ల ఏండ్లకు అటునిటుగా ఏర్పడినదని పరిశీలకులు నిశ్చయించినారు. ఇంత దాపున రెండు గొప్ప ఉప్పురాసులుండగా, ఒకటి మరొకదానికి పదిరెట్ల వయస్సు గలదగుట ఎట్లు? పైగా ఖేవ్రా ఉప్పునకును దానిపై ఊదారంగు రాతికిని నడుమనున్న అతుకు పలుచోట్ల నలిగి, చెదరి, గందరగోళముగా కనిపించుచుండెను. దొంతిలోని పై బస్తాలను ఎవరో కట్టకట్టి లాగి, ప్రక్కనున్న క్రొత్త బస్తాలమీదికి నెట్టినచో, పాతవి పైకి, క్రొత్తవి అడుగునకు వచ్చును గదా! హిమాలయములు పుట్టినప్పటి ఒత్తిడికి ఇట్టి నెట్టుడు జరిగినదనియు, పాత కేంబ్రియన్ పొరలు లేత ఉప్పుమీదికి ఎక్కి కూర్చున్నవనియు ఒక పక్షము వాదించినది. 20వ శతాబ్దపు మొదటి భాగములో ఈ వాదము బలపడినది. ఫాక్స్ వంటివారు ఉప్పు కేంబ్రియనుదే అని ఎదురు నిలిచినారు.

రెండు పక్షములకును రెడ్లికియాపై పేచీ లేదు. సాక్షి సత్యవంతుడే, కాని ఆ సాక్షి తన ఇంటిమీదనే నిలుచున్నాడా, పరుల ఇంటి కప్పుమీదికి వచ్చి నిలిచినాడా? వాదమంతయు ఈ ఒక్క మాటపై ఆధారపడినది.

ఈ సమయమున రంగమునకు వచ్చినవాడు బీర్బల్ సాహ్ని. ఆయన 1891లో భేరా పట్టణమున జన్మించినాడు. భేరా జీలం నది ఒడ్డున, లవణ పర్వతములకు చేరువలోనున్న ఊరు. కనుక ఆయనకు ఈ కొండలు చిన్ననాటి నేస్తములు. లాహోరులోను కేంబ్రిడ్జిలోను చదివి, లక్నో విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, శిలాజ వృక్షశాస్త్రమునకు మన దేశమున పునాదులు వేసిన మహనీయుడు. 1936లో లండను రాయల్ సొసైటీ సభ్యత్వము పొందినాడు. ఆయన ఆలోచన సులభమైనది, సొగసైనది. పై రాళ్ల సంగతి ఎందుకు? ఉప్పునే అడుగుదము. ఉప్పును వడగట్టిన నీటిలో కరగించి, మిగిలిన మడ్డిని సూక్ష్మదర్శిని క్రింద పరీక్షింతము.

అట్లు పరీక్షింపగా ఆ మడ్డిలో కంటికానని చెక్కపేళ్లు, ఆకుల పైపొరల తునకలు, కీటకముల అవయవముల ముక్కలు కనిపించినవి. ఉప్పుతోబాటున్న సుద్దమన్నులోను, నూనెరాతిలోను, డోలమైటులోను అట్టివే లభించినవి. అందులో పుష్పించు వృక్షజాతుల అవశేషములున్నవి! కేంబ్రియన్ యుగమున నేలమీద గడ్డిపరక లేదు. చెట్లు లేవు. రెక్కల పురుగు లేదు. పూలు పూయు మొక్కలు భూమిమీద కనిపించినది దానికి 35 కోట్ల ఏండ్లకు పైగా గడచిన తరువాత. కావున ఈ ఉప్పు ఇయోసీన్ కాలపుదే, రెడ్లికియా పొరలు దానిమీదికి నెట్టుకొని వచ్చినవే అని సాహ్ని తీర్మానించినాడు.

1944, 1945 సంవత్సరములలో ఈ ఒక్క విషయమును గూర్చియే రెండు పండిత సభలు జరిగినవి. ఉప్పు నీటిలో కరగును, మరల గడ్డకట్టును. వాననీరు పగుళ్లలోనికి దిగునప్పుడు పైనుండి చెత్తను మోసికొని పోదా అని ప్రతిపక్షులు అడిగినారు. నూనెరాయియు డోలమైటును ఉప్పువలె కరగునవి కావు గదా, వాని గర్భమునకు చెత్త ఎట్లు చేరినదని సాహ్ని పక్షము బదులు పలికినది. ఇరువురి ప్రశ్నలును ప్రశ్నలే. ఆనాటి సభలో మేము కూర్చుండియున్నచో ఎటు మొగ్గెడివారమో చెప్పలేము, సాహ్నివైపే మొగ్గియుందుమేమో.

ఈ వ్యాజ్యెములో మాకు ఎక్కువగా నచ్చిన మనిషి మరొకడున్నాడు. ఆయన ఇ. ఆర్. జీ, భూగర్భ పరిశోధనాశాఖ ఉద్యోగి. లవణ పర్వతములలో ఆయనవలె అడుగడుగు నడచి పటము గీచినవారు అరుదు. 1934లో ఆయనయు ఉప్పు ఇయోసీన్ కాలపుదే అని వ్రాసినాడు. తరువాత మరల కొండలెక్కినాడు. కొన్నిచోట్ల ఉప్పు సముదాయము మీద ఊదారంగు రాయి చెక్కుచెదరక, సహజముగా కూర్చున్న తీరును చూచినాడు. సాహ్ని క్రొత్త సాక్ష్యముతో ఇయోసీన్ పక్షము వృద్ధి పొందుచున్న ఆ సభలలోనే, తన పూర్వపు మాటను తానే ఉపసంహరించుకొని, ఉప్పు పాతదే అని నిలిచినాడు. అచ్చుపడిన మాటను వెనుకకు తీసికొనుట పండితులలో సులభమైన పని కాదు. ఆయన వివరముగా గీచిన పటములు 1980లో అచ్చు వెలువడినవి.

సాహ్ని తన అభిప్రాయమును విడువలేదు. లక్నోలో తాను స్థాపించిన శిలాజ వృక్షశాస్త్ర సంస్థ భవనమునకు 1949 ఏప్రిల్ 3న నెహ్రూగారు శంకుస్థాపన చేసినారు. వారము గడచెనో లేదో, 10వ తేదీన సాహ్ని కన్నుమూసినాడు. అప్పటికి దేశము విభజింపబడి రెండేండ్లు నిండవచ్చినవి. ఖేవ్రాయు, ఆయన పుట్టిన భేరాయు సరిహద్దున కావల ఉండిపోయినవి.

ఆపై వ్యాజ్యెము కొండమీద గాక మైదానములో తీరినది. లవణ పర్వతములకు దక్షిణమున పంజాబు మైదానము క్రింద నూనెకొరకు లోతైన బావులు తవ్వినారు. కొండలు లేవని ఒత్తిడికి నలగని ఆ చోట, అదే వరుస బయటపడినది: పైన కేంబ్రియన్ రాళ్లు, వాని అడుగున ఉప్పు. అక్కడ ఎవరును బస్తాలను నెట్టలేదు. ఇరానులోని హోర్ముజ్ ఉప్పు, ఒమానులోని ఉప్పు కూడ దాదాపు ఆ కాలపువే అని తేలినది. నేటి నిర్ణయము ప్రకారము ఖేవ్రా ఉప్పు కేంబ్రియన్ ఆరంభమునకు అటునిటుగా, సుమారు 54, 55 కోట్ల ఏండ్ల క్రిందట, ఎండిపోవుచున్న సముద్రపు మడుగులలో గడ్డకట్టినది. కోహాట్ ఉప్పు మాత్రము ఇయోసీన్ కాలపుదే. ఇరుగుపొరుగుననున్నంతమాత్రాన అవి తోబుట్టువులు కావు. సాహ్ని చూచిన చెక్కపేళ్లు తరువాతి కాలమున చేరినవని నేటి శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

ఐనను నెట్టుడు జరిగినదన్న మాటలో అసత్యము లేదు. 1980 తరువాత భూమిలోనికి ధ్వనితరంగములు పంపి తీసిన పటములలో, లవణ పర్వతశ్రేణి మొత్తముగా 20 కిలోమీటర్లకు తక్కువ కాకుండ దక్షిణమునకు జరిగి, మైదానపు లేత పొరలమీదికి ఎక్కినట్లు కనిపించినది. జారుటకు నూనెవలె పనికివచ్చినది అడుగుననున్న ఈ ఉప్పే. ఒత్తిడికి ఉప్పు రాతివలె పగులదు, ముద్దవలె సాగును. అతుకు నలిగి కనిపించుటకు అదియే హేతువు. రెడ్లికియా తన ఇంటిమీదనే నిలుచున్నది. ఇల్లు మాత్రము పునాదితో సహా కదలి వచ్చినది!

వివాదము చల్లారిన పిమ్మట శాస్త్రజ్ఞుల దృష్టి మరల ఆ జీవి వైపు మరలినది. షిండెవోల్ఫ్, సైలాకర్ అను జర్మను పండితులు ఆ కొండల కేంబ్రియన్ రాళ్లను పరిశీలించి 1955లో గ్రంథము వెలువరించినారు. ట్రైలోబైటులు బురదలో నడచిన, గీరిన, గుంట తవ్వుకొని పడుకొన్న గుర్తులు కూడ ఆ రాళ్లపై నిలిచియున్నవి. పెంకు ఎవరిదో చెప్పును. జాడ ఏమి చేసినదో చెప్పును.

రెడ్లికియా మన హిమాలయములలోను ఉన్నది. హిమాచలములోని స్పితి లోయనుండి సేకరించిన కేంబ్రియన్ శిలాజములను 1910లో రీడ్ వర్ణించినాడు; అందులో ఇది కలదు. చైనాలోని రెడ్లికియాకు 1905లో వాల్కాట్ అను అమెరికను పండితుడు చైనా పేరునే పెట్టినాడు. ఇరానులోను ఆస్ట్రేలియాలోను ఇవి దొరకినవి. ఉత్తర అమెరికాలోని ఆ కాలపు రాళ్లలో వీనికి మారుగా ఒలెనెల్లస్ అను మరొక తొలి ట్రైలోబైటు దొరకును. ఆనాడు మన దేశము ఆస్ట్రేలియాతోను అంటార్కిటికాతోను కలిసి ఒకే మహాఖండముగా నుండెను. ఉత్తర అమెరికా వేరుగానుండెను. ఎవరి తీరపు నీటిలో వారి బంధువులు తిరిగినారు.

మన కడప సీమ బండలలో వెదకిన దొరకునా అని శ్రోతలలో ఎవరైన అడుగవచ్చును. దొరకదు. కడప శిలలు ట్రైలోబైటులు పుట్టుటకు చాల ముందే ఏర్పడినవి. వానిలో కనిపించునది సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన గుమ్మటములు మాత్రమే.

అన్నిటికంటె చక్కని రెడ్లికియాలు దొరకినది దక్షిణ ఆస్ట్రేలియాకు చెందిన కంగారూ ద్వీపములో. అచ్చటి పలకరాతిలో కాళ్లు, మీసములు కూడ నిలిచినవి. 2019లో అచ్చట ఒక క్రొత్త జాతిని వర్ణించి రెడ్లికియా రెక్స్ అని పేరు పెట్టినారు. రెక్స్ అనగా లాటిను భాషలో రాజు. సామాన్యపు రెడ్లికియా కొన్ని సెంటీమీటర్లది. ఇది అడుగుకు దాపుగా పెరిగెడిది. దాని కాళ్ల మొదళ్లలో బలమైన ముండ్లున్నవి, పెంకులను నలిపి తినుటకు. అదే రాతిలో పెంకు ముక్కలతో నిండిన మలపు గడ్డలును, కొరుకుడుపడి మానిన గాయములు గల ట్రైలోబైటులును దొరకినవి. ఆ గాయములను చేసినవారిలో ఈ రాజును ఉండవచ్చునని శాస్త్రజ్ఞులు తలచుచున్నారు. తన వారినే తిని బ్రతికిన రాజన్నమాట.

సుమారు 51 కోట్ల ఏండ్ల క్రిందట రెడ్లికియాలు, వానితోబాటు అమెరికా తీరపు ఒలెనెల్లస్ వంశమును తుడుచుకొని పోయినవి. ఆ కాలముననే ఆస్ట్రేలియా ఉత్తర భాగమున విస్తారముగా లావా పొంగి ప్రవహించినది. సముద్రములు ఊపిరాడక చెడుటకు అది కారణమైయుండునని కొందరి మతము. లావా సంగతి ఖేవ్రా రాళ్లలో కనిపించదు. అచ్చట రెడ్లికియా పొరల మీద మరికొన్ని కేంబ్రియన్ పొరలు, వానిలో ఉప్పు పలుకులు కరగిపోగా మిగిలిన చదరపు అచ్చులు ఉన్నవి. వానికి పైన 20 కోట్ల ఏండ్లకు మించిన కాలమునకు ఒక్క పుటయు లేదు. ఒక్కసారిగా మంచునదులు మోసికొని వచ్చిన గుండ్లరాళ్లు మొదలగును. క్రింద సొరంగములో మాత్రము ఉప్పు కోత నేటికిని సాగుచున్నది.